చెంబు నీళ్లు

సిద్దిపేటలో మా రెండు గదులను రోజు కిరాయికి ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు తాళంచెవి పక్కింటామె దగ్గర ఉండేది. ఎవరొచ్చినా ముందు చెంబుతో నీళ్లిచ్చేది. వాళ్లు తాగుతుంటే మొహంలోకి చూస్తూ నిలబడి, ఆ తర్వాతే కొంగు ముడి విప్పి తాళంచెవి తీసేది.

నేనుండేది హైదరాబాదులో. పని సులువవుతుందని తలుపుకు నంబరు తాళం పెట్టించాను. ఆ నంబరు అతిథి ఫోనుకు దానంతటదే పోతుంది. అయినా ఆమె గడప ముందు చెంబు పెట్టి, ఈగలు వాలకుండా వేపరెమ్మ కప్పేది. ఒక జంట దాన్ని చూసి బాణామతి అనుకుని, లోపల అడుగైనా పెట్టకుండా వెళ్లిపోయింది. నేను గట్టిగానే కోప్పడ్డాను.

"ఇగ పెట్టను తియ్ సారూ" అంది.

తర్వాత ఒక రోజు, పొద్దున పదింటికి తలుపు తెరుచుకున్నట్టు నా ఫోను చూపించింది. సాయంత్రం దాకా మళ్లీ తెరుచుకోలేదు. వచ్చినాయనకు ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. చివరికి ఆమెకే చేసి, వెళ్లి చూడమన్నాను.

"తలుపు కొడుతున్న, పలుకుతలేరు. ముసలోళ్లా సారూ, పడుసోళ్లా? వచ్చినప్పుడు మొకం ఎట్లుండె?"

నా దగ్గర ఒక పేరూ, నాలుగంకెల నంబరూ తప్ప ఏమీ లేవు. ఆ నంబరే చెప్పి తలుపు తీయించాను.

"పెద్దమనిషి సారూ. జరంతోని ఒళ్లు కాలిపోతున్నది, సోయి లేదు. ఆటో పిలిచి దవాఖానకు తోల్కపోత."

ఫోన్ పెట్టేముందు అంది:

"పొద్దుగాల్నే నీళ్లిచ్చి ఉంటే, గప్పుడే తెలుస్తుండె సారూ."