లిఫ్టులో మైనస్ ద్రవ్యరాశి

మా గైడ్ మేడమ్‌కు ఒక నియమం ఉంది. ఆమె దగ్గర పీహెచ్‌డీ చేసేవాళ్లు సెమినార్ ఇచ్చే ముందు తమ విషయాన్ని భౌతికశాస్త్రం చదవని ఒక మనిషికి చెప్పి ఒప్పించాలి. నాకు దొరికిన మనిషి నా రూమ్మేట్. చరిత్రలో పరిశోధన చేస్తున్నాడు కాబట్టి దేన్నీ ఊరికే నమ్మడు.

నా విషయం ఎక్స్‌టెండెడ్ క్లాసికల్ మెకానిక్స్. అది ఇంకా అందరూ ఒప్పుకున్న సిద్ధాంతం కాదు, ఒక ప్రతిపాదన మాత్రమే. అందులో వస్తువు కిందకు పడుతున్నప్పుడు స్థితిశక్తిలోంచి గతిశక్తిగా మారిన భాగాన్ని మైనస్ గుర్తుతో ద్రవ్యరాశిలా లెక్కకడతారు. దాని పేరు ప్రతీయమాన ద్రవ్యరాశి. అసలు ద్రవ్యరాశి నుంచి దాన్ని తీసేయగా మిగిలిన దాని మీదే గురుత్వాకర్షణ పనిచేస్తుందంటారు.

రిహార్సల్‌లో మేడమ్ నన్ను మధ్యలోనే ఆపారు.

"ఆ మైనస్ ద్రవ్యరాశిని తూకమేసి చూపించగలవా?"

"చూపిస్తాను మేడమ్" అనేశాను.

"అయితే సోమవారం సెమినార్‌లో చూపించు. లేదంటే వచ్చే సెమిస్టర్‌లో చూద్దాం."

ఆదివారం ఉదయం హాస్టల్లో జిమ్‌కు వెళ్లే ఒకతని దగ్గర బరువు చూసే మిషన్ అడిగి తెచ్చుకున్నాను. కిందకు దిగే లిఫ్టులో మనిషి బరువు తగ్గితే అదే రుజువనుకున్నాను. కావలసినవి: ముల్లు తిరిగే మిషన్, బాగా నడిచే లిఫ్టు, ఎక్కి నిలబడే మనిషి. మా డిపార్ట్‌మెంట్ లిఫ్టుకు ఆ అర్హత లేదు. తార్నాకలో రూమ్మేట్ వాళ్ల చిన్నాయన అపార్ట్‌మెంట్ ఉంది. మిషన్‌ను సంచిలో పెట్టుకుని బస్సెక్కాం.

ఐదో అంతస్తులో వాడు మిషన్ ఎక్కాడు. ముల్లు అరవై ఎనిమిది దగ్గర ఆగింది. కింది అంతస్తు బటన్ నొక్కి లిఫ్టు కదలగానే అరవై రెండుకు దిగింది.

"చూశావా!" అన్నాను.

"మస్తుంది అన్నా! డైటింగ్ లేకుండనే ఆరు కిలోలు. నీ థియరీకి షాప్ తెరువు, సీతాఫల్‌మండి నుంచి సుత లైన్ కడ్తరు."

మూడో అంతస్తులో లిఫ్టు ఆగింది. ఖాళీ కూరగాయల సంచితో మేడమ్ లోపలికి వచ్చారు. ఆమె ఇల్లు తార్నాకలోనే అని తెలుసు గానీ, ఏ అపార్ట్‌మెంటో ఎప్పుడూ అడగలేదు.

"ఏం చేస్తున్నరు ఇద్దరు?"

నేను నోరు తెరిచేలోపు రూమ్మేట్ అందుకున్నాడు. "నమస్తే మేడం. నా మైనస్ మాస్ తూకమేస్తున్నడు."

"అట్లనా? కానివ్వు, నేను సుత చూస్త."

లిఫ్టు కదిలింది. ముల్లు దిగింది. అంతలోనే ముల్లు నెమ్మదిగా అరవై ఎనిమిదికి తిరిగొచ్చింది. లిఫ్టు మాత్రం ఇంకా దిగుతూనే ఉంది.

"వేగం పోయిందా?" అని మేడమ్ అడిగారు.

"లేదు మేడమ్."

"గతిశక్తి?"

"అట్లనే ఉన్నది మేడమ్."

"మరి నీ మైనస్ ఎటు పోయింది?"

వారం రోజులుగా నేను చూడని విషయం ముల్లు రూపంలో కళ్ల ముందు నిలబడింది. నేను చూపిస్తున్నది లిఫ్టు త్వరణం వల్ల బరువులో వచ్చిన తేడా; వేగం నిలకడ కాగానే అది పోతుంది. ప్రతిపాదనలోని ద్రవ్యరాశి అయితే, వేగం ఉన్నంతసేపూ తగ్గే ఉండాలి.

"దాన్ని ఈ మిషన్ మీద చూపించలేను మేడమ్. అది శక్తి లెక్కలో తీసివేసే పదం. ప్రకృతిలో నిజంగా ఉందో లేదో ప్రయోగంతో తేలాలి. ఇంకా తేలలేదు."

"ఈ ముక్క రిహార్సల్‌లో చెప్తే నీకు బస్ చార్జీలు మిగిలేవి." తలుపులు తెరుచుకున్నాయి. "రేపు సెమినార్ ఇయ్యి. ఆ లిఫ్ట్ స్లైడ్ ఉంటే తీసెయ్యి."

అలాంటి స్లైడ్ ఉంటుందని ఆమె ఎలా ఊహించారో! నేను దండం పెట్టబోతుంటే, మిషన్ మీద నుంచి దిగకుండానే రూమ్మేట్ అన్నాడు:

"మేడం, రూల్ ప్రకారం నేను ఒప్పుకోవాలె గద? ఇంకా ఒప్పుకోలే."

మేడమ్ ఆగి, నావైపు చూసి, సంచి భుజానికి తగిలించుకున్నారు. "కరెక్టే. ఈయన ఒప్పుకున్నంకనే రేపు సెమినార్."

ఆమె బజారు వైపు వెళ్లిపోయారు. వాడు మళ్లీ ఐదో నంబరు నొక్కాడు.

"చెప్పన్నా, మొదటి నుంచి."