తొమ్మిది బొగ్గు గీతలు

మొన్న పక్కింటి గుమ్మానికి వేపమండలు కట్టారు. వాళ్ళ పాపకు తట్టు పోసింది. పసుపునీళ్ళ వాసన మా వరండాలోకి రాగానే నాకు తమ్ముడు గుర్తొచ్చాడు.

ఇల్లందులో నాకు ఏడేళ్ళప్పుడు తమ్ముడికి కూడా తట్టే. నాయన దవాఖానాకు ఎత్తుకుపోతానంటే నానమ్మ గడపకు అడ్డం కూర్చుంది. "సూది పొడిస్తే అమ్మోరికి కోపమొస్తది. తొమ్మిది పొద్దులు ముత్యాలమ్మకు నీళ్ళు పోస్తే సల్లబడ్తది."

ఆ పని నాది. రోజూ పొద్దున్నే చెంబుతో నీళ్ళు మోసి ముత్యాలమ్మ రాయి మీద పోసి, ఇంటికొచ్చి గోడ మీద బొగ్గుతో గీత గీసేదాన్ని.

తొమ్మిదో గీత గీసిన సాయంత్రం తమ్ముడు చనిపోయాడు.

"ఒక పొద్దు ఎగ్గొట్టినవ్ గదనే!" అంది నానమ్మ.

"లేదు నానమ్మా, గోడ మీద సూడు, తొమ్మిదున్నయ్."

"గీతలు గీస్తే నీళ్ళు పోసినట్టేనా? అమ్మోరు మాట తప్పదు."

తమ్ముణ్ణి నేనే చంపానని చాలా ఏళ్ళు నమ్మాను. ఏ రోజు మరిచానా అని ఎంత వెతికినా ఆ రోజు దొరకలేదు. అమ్మవారు లేదంటే, గడపకు అడ్డం కూర్చున్న తప్పు నానమ్మదే అవుతుంది. అందుకే ఆమెకు అమ్మవారు కావలసివచ్చింది. దాన్నే జనం భక్తి అంటారు.

మొన్న ఆ వాసన తగలగానే ఆటో పిలిచి పక్కింటి తలుపు కొట్టాను.

"దవాఖానాకు పోతే అమ్మోరికి కోపమొస్తదేమో పెద్దమ్మా," అంది పాప తల్లి.

"వస్తే నా పేరు చెప్పు బిడ్డా. నాకు అలవాటే."