అబుందియో మరక

అమెరికాలోని టూసన్‌లో కొత్త ఇళ్ళ గోడలకు గరుకు పూత వేయడమే రెఫూహియో బతుకు. రోలరుతో ముద్ద పూసి, తడి మెరుపు పోగానే వెడల్పాటి రేకుతో పైకి లేచిన మొనలు అణచాలి. ఇవాళ పూయాల్సిన గదిలోనే నిన్న, పైకప్పు అందడానికి కట్టుకున్న పొడుగు ఇనప కాళ్ళ మీంచి పడి, అతని జోడీ అబుందియో చచ్చిపోయాడు. నెత్తురు గోడకు బిగించిన అట్టలోకి ఇంకింది.

"దాని మీదే పూసెయ్. ఎల్లుండి ఇల్లు కొన్నోళ్ళొస్తారు," అన్నాడు మేస్త్రీ.

"ముందు మరకని ఆపే మందు కొట్టాలి సార్. లేకపోతే రంగేసినా పైకి తేలుద్ది."

"నాకు నేర్పుతున్నావా? నోర్మూసుకుని పూయి!"

రెఫూహియో ఆ మందు డబ్బా ముట్టుకోలేదు. ఎప్పటికన్నా శ్రద్ధగా పూశాడు, మొనలు అణిచాడు. మేస్త్రీ వెళ్ళాక గోడ దగ్గరికి వంగి మెల్లగా అన్నాడు:

"తొందరేం లేదు తమ్ముడూ. కొన్నోళ్ళు దిగి సామాన్లు సర్దుకున్నాకే పైకి రా."