రేపటి బ్రేకులు

ఈ అరబ్బు దేశంలో, సజ్జా పారిశ్రామికవాడకు వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న లారీ డ్రైవరు మాస్కు గడ్డం కిందికి లాగి, ఒక కాగితం నా చేతిలో పెట్టాడు.

"పెద్దసారూ, నాకు ఇంగ్లీషు రాదు. గిండ్ల ఏం రాసిండ్రో జర సదువుండ్రి. రేపు రోడ్డు మీద చెకింగ్ ఉందంట."

అది లారీ బయలుదేరే ముందు ప్రతిరోజూ నింపవలసిన తనిఖీ పత్రం. టైర్లు, లైట్లు, బ్రేకులు అన్నిటికీ టిక్కులున్నాయి. తేదీ మాత్రం మరుసటి రోజుది.

"రేపటి బ్రేకులను ఇవాళే ఎవరు చూశారు?" అని గట్టిగానే అడిగాను.

"ఎవ్వలు సూడలే. నెలకు సరిపడ ఒక్కసారే కొడ్తరు. నా బండికి గాలి బ్రేకు లీకున్నది. సెప్తే మా ముదీర్, గదే మేనేజరు, 'ఖలాస్, ఇంటికి పో' అంటడు."

నేను వేరే కంపెనీలో స్టోర్ కీపర్ని. చూడనిది చూసినట్టు ఏనాడూ రాయలేదు. నాకు ఒళ్లు మండింది. ఆ టిక్కు కొట్టివేసి లోపం రాయాలనీ, లేకపోతే ప్రాణాలు పోతాయనీ మందలించాను.

అతడు నా జేబులోని పెన్ను తీసి నా చేతికే ఇచ్చాడు. "మీరే రాయుండ్రి. సాక్షిగ మీ పేరు గూడ పెట్టుండ్రి. గప్పుడు నేనొక్కన్నే గాను."

లోపం రాశాను. నా వీసా చేతిలో పెట్టుకున్న కఫీల్ గుర్తుకొచ్చి పేరు దగ్గర చెయ్యి ఆగిపోయింది.

అతడు ఆ ఖాళీని చూశాడు. "పర్వాలేదు సారూ," అని తానొక్కడే సంతకం చేసి, సజ్జాలో దిగిపోయాడు.

గదికి చేరి ఇదంతా నోటుపుస్తకంలో వివరంగా రాసి, కింద నా పూర్తి పేరు పెట్టాను. అది అతనికి ఎందుకూ పనికిరాదు.