నర్సమ్మగారికి పోయని నీళ్ళు

చదువరులారా, ముందుగా నన్ను మన్నించండి. సంతాపం రాయాలంటే హుందాతనం కావాలి, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా కావాలి, కనీసం నలభై ఏళ్ళ వయసుండాలి. నా దగ్గర బీఎస్సీ పట్టా ఒక్కటే ఉంది, అదీ రెండు సబ్జెక్టులు రెండోసారి రాసి తెచ్చుకున్నది. ఈ రాతలో గాంభీర్యం జారినా, మధ్యలో ఎవరికైనా నవ్వొచ్చినా ఆ పాపం నాదే. చోడవరం ప్రజలకు ఏ సంబంధమూ లేదు.

మా వీధి నర్సమ్మగారు పోయిన గురువారం ఆసుపత్రిలో కన్నుమూశారు. నేను బండి మీద ఆవిడ గుమ్మం ముందు నుంచి వెళ్ళేటప్పుడు నా చెయ్యి ఇప్పటికీ దానంతటదే హెల్మెట్ బెల్టు వెతుక్కుంటోంది.

మాది ఎదురిల్లు. ఆవిడ దేవరాపల్లి వైపు సర్కారు ఆసుపత్రిలో పనిచేసి రిటైరయ్యారు. రిటైరైంది ఉద్యోగమే, చెవులు కాదు. చెరకు ఆడే రోజుల్లో గోవాడ పంచదార ఫ్యాక్టరీకి వెళ్ళే ట్రాక్టర్లు మెయిన్ రోడ్డు మీద బారులు తీరితే, ఆవిడ అరుగు మీద గోరుచిక్కుళ్ళు తుంపుతూ ఒక్కో హారనూ వినేవారు. బ్రేకు కీచుమందంటే చేతిలో కాయ ఆగిపోయేది. ఆ తర్వాత ఏ చప్పుడూ రాకపోతే మళ్ళీ ఈనె తీసేవారు. వస్తే చెప్పుల్లో కాళ్ళు పెట్టేవారు.

"ఎవరో ఒకరు చూస్తారు కదండీ, మనకెందుకు?" అన్నానోసారి.

"ఒరే గుంటడా, ఎవుడో సూస్తాడనుకున్నోళ్ళే ముప్పై మంది సుట్టూ నిలబడితే, మద్దిలో పడున్నోడికి గాలెలాగొస్తాదిరా?"

ఆవిడ భయం నాకు అంటుకుంది. పెళ్ళి భోజనాల్లో అందరూ విస్తరి చూసుకుంటే నేను పక్కవాళ్ళ గొంతులు చూస్తాను. ఎవరికైనా పొలమారితే లేచి నిలబడతాను. నాకు పప్పు అందలేదనుకుని వడ్డించేవాడు పరుగెత్తుకొస్తాడు.

"ముందు నువ్వు సావకు, తరవాత ఆడి సంగతి" అనేవారు, రోడ్డు దాటేముందు రెండు వైపులా చూస్తూ. "అందరూ సెయ్యండంటే ఎవుడూ సెయ్యడు. ఏలెట్టి సూపించి ఒకడికి సెప్పు" అనేవారు. ఆ వేలు ఎప్పుడూ మొదట నా మీదే పడేది.

ఒకసారి కూరగాయల మార్కెట్ ముందు, రావికమతం నుంచి వంకాయలు తెచ్చిన రైతు ఫిట్స్ వచ్చి పడిపోయాడు. మన దగ్గర ఫిట్స్‌కి మందు తాళాలగుత్తి. నర్సమ్మగారూ నేనూ చేరేసరికి అతని గుప్పిట్లో రెండు బళ్ళ తాళాలు, ఒక బీరువా తాళం కుక్కేశారు. ఇద్దరు కాళ్ళు అదిమి పట్టుకున్నారు. ఇంకొకాయన పళ్ళ మధ్య చెంచా దూర్చబోతున్నాడు.

"ఈ తాళం ఎవుడిది?"

"నాదేనమ్మా."

"ఇప్పుడాడు నీ బండి నడుపుతాడేటి? తీసుకో బాబూ. మీరిద్దరూ కాళ్ళొగ్గెయ్యండి. ఆ సెంచా ఏటి, పళ్ళూడగొడతావా ఆడికి?"

నా భుజం మీది తువ్వాలు లాగి, మడిచి అతని తల కింద పెట్టారు. పక్కనున్న తూకం రాళ్ళు దూరంగా జరిపించారు. తర్వాత వాచీ చూస్తూ ఊరుకున్నారు. అదే నన్ను చంపేసింది. మనిషి అలా కొట్టుకుంటుంటే ఏమీ చెయ్యకుండా నిలబడటం కంటే కష్టమైన పని నేను ఇంతవరకూ చూడలేదు.

"అయిదు నిమిషాలు దాటితే 108. నువ్వు, ఎర్ర సొక్కా, ఫోన్ తీసి ఉంచు." నా వైపు తిరిగారు. "నువ్వెల్లి మూల మీద నిలబడు, అంబులెన్సొస్తే సెయ్యూపు."

రక్తం చూస్తే నాకు కళ్ళు తిరుగుతాయని ఆవిడకు తెలుసు. అందుకే ప్రతి ఆపదలోనూ నాకు మూల మీద ఉద్యోగం. ఆ రోజు మూల దాకా వెళ్ళకముందే, మూడో నిమిషానికి, కొట్టుకోవడం ఆగింది. ఆవిడ అతన్ని పక్కకి తిప్పి పడుకోబెట్టారు. అంతలో ఒక పెద్దాయన ఆయాసపడుతూ సోడా తెచ్చాడు.

"ఆడు కళ్ళు తెరిసి తన పేరు తను సెప్పాల. అందాకా నీళ్ళు లేవు, సోడా లేదు. తెలివిలేనోడి నోట్లో పోస్తే అది పొట్టలోకెల్తాదో ఊపిరితిత్తుల్లోకెల్తాదో నీకు తెలుస్తాదేటి?"

పెద్దాయన మొహం చిన్నబోయింది. ఆవిడ సోడా అందుకుని నా చేతిలో పెట్టారు. "తెచ్చినోడి మనసు కష్టపెట్టకూడదురా. నువ్వు తాగెయ్."

తాగాను. ప్రథమ చికిత్సలో నా అనుభవం అప్పటికి అంతే.

ఇక ఆవిడ పడిన రోజు. ఉదయం తొమ్మిదింటికి నేను బండి తీస్తున్నాను. "ఒరే, హెల్మె..." అన్నారు అరుగు మీద నుంచి. మాట ముద్దగా వచ్చింది. చూస్తే నోరు ఒక పక్కకి జారిపోయి ఉంది. గోరుచిక్కుళ్ళ పళ్ళెం దొర్లింది. ఆవిడ గోడకి వాలి, వాలి, నేలకి జారిపోయారు.

ఇలాంటి రోజు గురించి మనసులో వందసార్లు రిహార్సల్ వేసుకున్నవాణ్ణి. కాళ్ళు కదల్లేదు. ఆపదొస్తే ఏం చెయ్యాలో అడగడానికి నాకు తెలిసిన మనిషి ఒక్కరే. ఫోన్ తీసి ఆవిడకే చేశాను. లోపల బల్ల మీద మోగింది.

ఆ మోతకే వీధి కదిలిందేమో. మా వీధిలో షేర్ ఆటో నడిపే అన్నయ్య దూకి వచ్చి ఆవిడని పక్కకి తిప్పి, గడ్డం కాస్త పైకి పెట్టాడు. ఆవిడే నేర్పిన పని అది. వీధి చివరి టైలరు 108కి ఫోన్ చేశాడు. నేను పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఆవిడ గొంతులో గరగర వింటున్నాను. ఆ గరగర ఆగిపోతుందేమోనని భయం, ఆగకపోతే ఏమవుతుందోనని భయం.

అప్పుడు పక్కింటి పెద్దమ్మ వచ్చింది. నర్సమ్మగారికి నలభై ఏళ్ళుగా స్నేహితురాలు. నర్సమ్మగారి వంటింట్లోంచే, నర్సమ్మగారి పేరు చెక్కిన స్టీలు గ్లాసుతోనే నీళ్ళు తెచ్చింది. అందులో తులసాకు తేలుతోంది.

"ఓలమ్మ, ఎల్లిపోతంది! ఉత్త నోటితో పంపకండ్రా! ఒక్క సుక్క పొయ్యండి!"

"పొయ్యి బాబూ, ఆఖరి నీళ్ళు కాదనకూడదు" అన్నారు ఎవరో వెనక నుంచి. దగ్గరున్నది నేనని పెద్దమ్మ గ్లాసు నా చేతిలో పెట్టింది. చుట్టూ చేరిన ముప్పై మందీ నా చేతినే చూస్తున్నారు. ఆ గ్లాసు సంగతి మళ్ళీ చెబుతాను. కాసేపటికి ఆటో అన్నయ్య అరిచాడు: "ఒరే, మూల మీదకి పోరా! ఆళ్ళకి మన సందు తెలీదు!" పరుగెత్తాను.

అనకాపల్లిలో డాక్టరుగారు పక్షవాతమన్నారు. మింగడం పోయిందట. "ఎవరూ నీళ్ళు పట్టలేదు కదా?" అని రెండుసార్లు అడిగారు. పట్టి ఉంటే ఇక్కడిదాకా వచ్చేవారు కాదేమో అన్నారు.

అలా తొమ్మిది రోజులు దక్కాయి. రాజమండ్రి నుంచి కూతురు వచ్చి, రోజూ తల దువ్వి జడ వేసింది. నాలుగో రోజు ఆవిడకి ముక్కలు ముక్కలుగా మాట వచ్చింది. నన్ను చూసి మొదట అడిగింది ఇదే.

"నీళ్ళు... తెచ్చేరా?"

"తెచ్చేరండి."

"పోసేరా?"

"లేదండి."

"మరి... ఏటి సేసేరు?"

"పారబోశాం" అన్నాను. సగం మొహం నవ్వింది. తొమ్మిదో రోజు పక్షవాతం రెండోసారి వచ్చింది. ఇక లేవలేదు.

దినాలింకా కాలేదు. పెద్దమ్మ నాతో మాట్లాడటం మానేసింది. "ఆ రోజే పోసుంటే తులసి నీళ్ళతో పోయుండేది. గొట్టాలెట్టుకుని పోయింది" అని మా అమ్మతో అందట. కాదని చెప్పడానికి నా దగ్గర డాక్టరుగారి మాట ఉంది, కూతురు వేసిన జడ ఉంది. అయినా పెద్దమ్మ ఎదురుపడితే తల దించుకుంటున్నాను.

మిగతా వీధి నేనే ప్రాణం నిలబెట్టానంటోంది. తిప్పింది ఆటో అన్నయ్య. ఫోన్ చేసింది టైలరు. నేను చేసింది ఒక్కటే, నర్సమ్మగారికి అబద్ధం చెప్పింది కూడా దాని గురించే. ఆ నీళ్ళు పారబోయలేదు. పెద్దమ్మ ఎదురుగా తులసి నీళ్ళు నేల మీద పొయ్యడానికి చెయ్యి రాలేదు. ఆ సోడా గుర్తొచ్చింది. ముప్పై మంది చూస్తుండగా, ఆకుతో సహా, నేనే తాగేశాను. మూల మీద నిలబడి అంబులెన్సుకి ఊపింది చెయ్యి కాదు, ఆవిడ పేరున్న ఆ ఖాళీ గ్లాసు.