నేను గీసిన ఇంట్లో మిరపకాయలు ఎండుతున్నాయి

రాష్ట్రం కోసం బంద్‌లు, రాస్తారోకోలు నడుస్తున్న ఏళ్లవి. నేను జనగామలో ఇళ్ల ప్లాన్లు గీసేవాణ్ని. ఒక ఎండాకాలం తెల్లవారగానే బయ్యారం దగ్గరి తండా నుంచి శాంతక్క ఫోన్ చేసింది. "అన్నా, నువ్వు గీసిన ఇంట్ల మేము ఉంటలేము. ఒకసారి వచ్చి చూడు." అదే ప్లాన్‌తో ములుగు దగ్గరి ఘనపూర్‌లో కడుతున్న చిన్న బడికి మర్నాడు పొద్దున్నే స్లాబు పోయాలి. తప్పుంటే ఆలోపే తేల్చుకోవాలని బయలుదేరాను.

ఆ పొద్దున్నే రైలెక్కితే తొమ్మిదిన్నరకు మహబూబాబాద్. అక్కడి నుంచి బస్సులో, తర్వాత షేర్ ఆటోలో తండా చేరేసరికి పన్నెండయింది. కరెంటు లేదు. పడమటికి పెద్ద అద్దాల కిటికీలున్న స్లాబు ఇంట్లో మనుషులే లేరు, నేలనిండా మిరపకాయలు. ఇంటిల్లిపాదీ వెనక గడ్డి కప్పిన కొట్టంలో, బర్రె పక్కన మంచాలు వేసుకున్నారు.

"మిరపకాయలు గింత మంచిగ యాడ ఎండయన్నా," అంది శాంతక్క. "కరెంటుంటే రెండు కూలర్లు పెడ్తం. లేకుంటే గీ కొట్టమే."

ఆ ప్లాన్ నేను చలి ఊరి ఇల్లొకటి చూసి గీసింది. అక్కడ పడమటి అద్దం ఎండను లోపలికి తెచ్చి ఇల్లు వెచ్చగా ఉంచుతుంది, కరెంటు మిగులుస్తుంది. ఇక్కడ అదే అద్దం రెండు కూలర్లను మింగినా ఇల్లు చల్లబడదు. తగుదునమ్మా అని గీసినందుకు సిగ్గేసింది.

తిరిగి మహబూబాబాద్ వచ్చి, మేస్త్రీకి ఫోన్ కలవక, నర్సంపేట మీదుగా ములుగు బస్సెక్కాను. మల్లంపల్లి దగ్గర రాస్తారోకో. "రెండు గంటలైతదన్నా, జర ఛాయ్ తాగు," అన్నాడు డ్రైవర్. తాగలేదు. జనం మధ్య నుంచి అవతలికి నడిచి, ములుగు వైపే వెనక్కి తిరుగుతున్న జీపు పట్టుకున్నాను. ఘనపూర్ చేరేసరికి ఆరు దాటింది.

స్లాబు కింద చెక్కలు కొట్టడం అయిపోయింది. పడమటి కిటికీలు మార్చాలి, స్లాబు ఆపమనగానే మేస్త్రీ కొమురయ్యకు కోపమొచ్చింది. "అంత అయినంక ఇప్పుడు చెప్తవా సారూ?"

"తప్పు నాది కొమురన్నా. ఊరివాళ్లకు నేనే చెప్తా. స్లాబు మాత్రం ఆపు."

అతను పడమటి గోడ దగ్గరకు నడిచాడు. "మా బాపు ఏ ఇంటికీ పడమటికి పెద్ద కిటికీ పెట్టలే. గోడనే కట్టి, ముంగట సాయబాను దించేటోడు. గది నన్ను ఎన్నడన్న అడిగినవా?"

"అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నా."

మర్నాడు స్లాబు పోయలేదు. చెక్కలు ఊడదీసి, గోడలు రెండడుగులు లేపి, పడమటి కిటికీలు పూడ్చి, అటువైపు నీడకు ఏటవాలు కప్పులా సాయబాను దించాం. ఉత్తర, దక్షిణ గోడల్లో గాలి ఆడేలా ఎదురెదురుగా కిటికీలు పెట్టాం. ఆ బడిలో ఇప్పుడు కరెంటు పోయినా పాఠం ఆగదు.

ఇల్లు కట్టాలని ఊళ్లు తిరిగి ఇళ్లు చూసేవారికి ఒక్క మాట. మండు వేసవిలో, కరెంటు లేని మధ్యాహ్నం, మీ ఊళ్లోనే, మీరు ముచ్చటపడ్డ రకం ఇంట్లో ఒక గంట కూర్చున్నాకే ప్లాన్ ఖాయం చేయండి. నేను ఆ గంట కూర్చోలేదు. శాంతక్క ఇంటికి తర్వాత పడమటి వైపు పందిరి వేయించాను గానీ, ఆమె ఇంకా కొట్టంలోనే పడుకుంటోంది.