తబిత తెరవని ఫోల్డరు

ఖరగ్‌పూర్ ప్రేమ్ బజార్‌లో జిరాక్స్ షాపుల వరుస దాటాక, ఒక మేడమెట్ల కింద చిన్న లాప్‌టాప్ రిపేరు దుకాణం ఉంది. దాన్ని నడిపే మనిషి తబిత. వయసు నలభైకి రెండేళ్లు తక్కువ. వాళ్ల నాన్న సొలొమోను రైల్వేలో టెలిఫోన్ మెకానిక్‌గా చేసేవాడు. ఆయన ఇంటికి తెచ్చే పాడైన ఫోన్లు విప్పి బిగించడంతో ఆవిడ పని నేర్చుకోవడం మొదలైంది. నేను ఇక్కడి తెలుగు బడిలో పాఠాలు చెప్పే రోజుల్లో నా క్లాసులోనే కూర్చునేది. ప్రశ్నలు తక్కువ అడిగేది, పెన్నులు ఎక్కువ విప్పేది.

పెళ్లి చేసుకోలేదు. నాన్న పోయాక తొమ్మిదేళ్లు చిన్నవాడైన తమ్ముడు జెఫ్రీకి తనే పని నేర్పింది. ఇద్దరూ కలిసి దుకాణం నడిపారు. పక్కనున్న కాలేజీ క్యాంపస్ పిల్లలందరికీ ఆవిడ తబిత దీదీ. ఆదివారం మాత్రం ఎవరు వచ్చి బతిమాలినా తాళం తీసేది కాదు.

పోయినేడాది ఫిబ్రవరిలో ఒక మంగళవారం పొద్దున్న ఊళ్లో అందరి ఫోన్లూ ఒకేసారి మోగాయి. తాల్‌బగీచా పేటలో ఉండే గిరిబాబు కూతురు మౌనిక ఫొటోలు బయటికొచ్చాయి. గిరిబాబు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. కూతురు కలకత్తా వెళ్లి ఒక బెంగాలీ సీరియల్లో నాయిక అయింది. రోజూ సాయంత్రం తెలుగిళ్లలో కూడా ఆ సీరియల్ పెట్టుకుని, మన పిల్ల బెంగాలీ ఎంత చక్కగా మాట్లాడుతుందో అని మురిసిపోయేవాళ్లం. ఆ ఫొటోలు ఆ అమ్మాయి తన గదిలో తనకోసం తీసుకున్నవి. ఎవరికీ పంపలేదు. మధ్యాహ్నానికల్లా వాటిని చూడనివాళ్లు తక్కువ, చూశామని ఒప్పుకున్నవాళ్లు అంతకన్నా తక్కువ.

ఎలా బయటికొచ్చాయన్న ప్రశ్నకి సాయంత్రంలోపే జవాబు దొరికింది. దీపావళి నాడొచ్చే కాళీపూజ ముందు మౌనిక లాప్‌టాప్ పాడైతే, డిస్కు మార్చింది తబిత. దాన్ని దుకాణానికి తెచ్చినవాడు మౌనిక మేనమామ కొడుకు రాజ్ కిరణ్. ఆ మాట టీ కొట్టు దగ్గర మొదట చెప్పినవాడూ అతనే. మర్నాటికి ఒక బెంగాలీ సినిమా కబుర్ల పేజీలో, నాయిక సొంత ఊళ్లోని రిపేరు షాపు నుంచే ఫొటోలు పోయాయని రాశారు. పేరు రాయలేదు గాని, మెట్ల కింద దుకాణం అని రాశారు.

పిల్లలు వచ్చి, రిపేరు సగంలో ఉన్న లాప్‌టాపులు అలాగే పట్టుకెళ్లిపోయారు. కొందరు ఏదో వంక చెప్పారు. కొందరు ఏమీ చెప్పలేదు. నా సంగతీ దాచను. నా లాప్‌టాప్ కూడా ఏడాది కిందట అక్కడే బాగుచేయించుకున్నాను. అందులో దాచుకోవలసినవేమీ లేవు, పెళ్లి ఫొటోలూ పెన్షన్ కాగితాలూ తప్ప. అయినా ఆ రోజు ఇంటికొచ్చి, అందులో ఏమేమున్నాయో ఒక్కొక్కటీ తెరిచి చూసుకున్నాను. చిన్నప్పటినుంచీ ఎరిగిన పిల్లని నేనూ అనుమానించాను. మిగతాదంతా తర్వాత తబిత నాకు చెప్పినదే.

ఆ మంగళవారం కబురు వినగానే తబితకి తను తీసిపెట్టుకున్న నకలు గుర్తొచ్చింది. డిస్కు మార్చేటప్పుడు పాతదానిలోని సరుకంతా దుకాణం సొంత డిస్కులోకి ఒక నకలు తీసి, రెండు వారాలుంచి తుడిచెయ్యడం ఆవిడ అలవాటు. కొత్తది మొరాయిస్తే మనిషి చదువూ సంపాదనా పోకుండా అది రక్ష. ఆ డిస్కు సొరుగులో ఉంటుంది. సొరుగుకి రెండు తాళంచెవులు, ఒకటి తనది, ఒకటి జెఫ్రీది. షట్టరు సగం దించి, డిస్కు తగిలించి చూసింది. మౌనిక పేరుతో ఉన్న ఫోల్డరు ఇంకా అక్కడే ఉంది. పూజల రద్దీలో తుడవడం మరిచిపోయింది.

ఉంచితే, దొంగ సొత్తు తన సొరుగులో ఉన్నట్టు. తుడిస్తే, ఆనవాలు చెరిపేసినట్టు. తెరిచి అందులో ఆ ఫొటోలు ఉన్నాయో లేవో చూడడం ఒక్క క్షణం పని. చెయ్యలేకపోయింది. ఆ అమ్మాయిని ఊరంతా చూసింది చాలదా అనుకుంది.

జెఫ్రీ ఆవిడ భుజం మీదుగా తెర చూశాడు. మెల్లగా అన్నాడు.

"తీసెయ్యక్కా. ఎవుడికి తెలుస్తాది?"

తమ్ముడి మొహం కేసి చూసింది. అంత తొందరగా ఆ మాట ఎందుకొచ్చిందో అనిపించింది. ఒకసారి అలా అనిపించాక మరి ఊరుకోలేదు. అతను టీకి వెళ్లినప్పుడు, దుకాణం కంప్యూటర్లో ఆ డిస్కు ఎప్పుడెప్పుడు తగిలించారో వెతికింది. పదిహేను రోజుల కిందట ఒక ఆదివారం, పొద్దున్న పదకొండు గంటలకి తగిలించారు. ఆ వేళకి తను చర్చిలో ఉంది. జెఫ్రీ జ్వరమని ఇంట్లో పడుకున్నాడు. పడుకున్నానని చెప్పాడు.

ఆ రాత్రి అన్నం సహించలేదు. మర్నాడు జెఫ్రీ స్నానానికి వెళ్లగానే అతని సంచీ మంచం మీద బోర్లించింది. రెండు పెన్‌డ్రైవులు దొరికితే తన లాప్‌టాప్‌కి పెట్టి చూసింది. ఒకదాన్నిండా పాటలు, రెండోదానిలో సాఫ్ట్‌వేరు. మళ్లీ సంచీ జేబులు తడుముతుంటే వెనక చప్పుడైంది. తల తుడుచుకుంటూ జెఫ్రీ గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏటెతుకుతున్నావు?"

అబద్ధం ఆడాలనుకుంది గాని నోరు రాలేదు. ఆ ఆదివారం దుకాణం ఎందుకు తీశావని అడిగింది. అతను తుడుచుకోవడం ఆపేశాడు. నీళ్లు అతని మెడ మీంచి బనీను మీదకి కారుతున్నాయి.

"ఫొటోలు నాను దొబ్బినానని అనుకుంటన్నావేటి?"

తబిత కాదనలేదు. ఆ ఒక్క మాట అనుంటే సరిపోయేదని తర్వాత నాతో అంది. అతను సంచీలోవన్నీ తనే మళ్లీ సర్దుకుని, భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ఆ పూట దుకాణానికి రాలేదు.

తబిత ఒక్కతే డిస్కుని కవరులో పెట్టి పోలీసుస్టేషనుకి వెళ్లింది. పిలవకుండానే వచ్చిన మనిషిని చూసి అక్కడి ఆఫీసరు ఆశ్చర్యపోయాడు. ఆవిడ చెప్పినదంతా బెంగాలీలో రాసుకుని, డిస్కుకి సీలు వేయించాడు. ఊరు దాటొద్దన్నాడు. దీన్ని పరీక్షకి పంపితే జవాబుకి నెలలు పడుతుందనీ, ఆ ఫొటోలు ఇందులో ఉంటే మాత్రం నువ్వే చూసుకోవాలి దీదీ అనీ అన్నాడు. అన్నిరోజులూ ఊరు ఆగదు. తను కూడా ఆగలేదు. ఇంటిదాకా నడిచి వస్తుంటే ఒక సంగతి తట్టింది. నకలు తీసింది కాళీపూజ ముందు. ఆ తర్వాత తీసుకున్న ఫొటో ఒక్కటి బయటికొచ్చిందన్నా, అది తన డిస్కులోంచి వచ్చుండదు. అది చెప్పగలిగిన మనిషి మౌనిక ఒక్కతే.

గురువారం టోటో, అదే బ్యాటరీ రిక్షా ఎక్కి, మౌనిక వచ్చి ఉన్న తాల్‌బగీచా ఇంటికి వెళ్లింది. అరుగు మీద రాజ్ కిరణ్ కూర్చుని ఉన్నాడు. పాల ప్యాకెట్లు తేవడం, వచ్చిన విలేఖరులని పంపించెయ్యడం, అన్నీ అతనే చూసుకుంటున్నాడు. తబితని చూడగానే లేచి గొంతు పెంచాడు. చేసిందంతా చేసి ఇంటిమీదకే వచ్చిందని వీధికి వినిపించేలా అన్నాడు. గిరిబాబు బయటికొచ్చి, వెళ్లిపొమ్మని చెయ్యి ఊపాడు. అరవలేదు. అరిచే ఓపిక ఆయనలో లేదు.

తబిత కదల్లేదు. "బాబాయ్, పిల్లని ఒక్క మాట అడగాల. అడిగి ఎల్లిపోతాను" అంది.

లోపలినుంచి మౌనికే రమ్మంది.

కిటికీలన్నీ మూసిన గదిలో, మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. సీరియల్లో రోజూ చూసే మొహమే, పోల్చుకోలేనంతగా వాడిపోయింది. తబిత గుమ్మం దగ్గరే నిలబడింది.

"ఆ ఫొటోలు నాను సూడనేదమ్మా. సూడను కూడా. నువ్వే సెప్పాల. కాళీపూజ తరవాత తీసుకున్నవి అందులో ఉన్నాయా?"

తనకి తెలియదంది మౌనిక. మొదటిది చూసి ఫోను విసిరేసిందట, మిగతావి తనూ చూడలేదు. ఎవరికీ తెలియని ఈ సంగతి తబితకి అప్పుడే తెలిసింది. అడిగినందుకు తనమీద తనకే అసహ్యమేసింది. ఇంక వెళ్లిపోదామని వెనక్కి తిరుగుతుంటే, ఆ అమ్మాయి ఫోను అందుకుని గోడవైపు తిరిగింది. బొటనవేలు తెర మీద ఆగి ఆగి కదిలింది. ఇంట్లో ఎక్కడో కుక్కరు కూతపెట్టింది.

"రెండున్నాయక్కా" అంది చివరికి. "కొత్త ఫ్లాట్లోవి. అక్కడికి జనవరిలో మారినాను."

అయితే అవి తన డిస్కులోంచి పోలేదని తబితకి తేలిపోయింది. కాసేపటికి మళ్లీ పనిమంతురాలి బుద్ధి పనిచేసింది. తన డిస్కులోంచి కాకపోతే ఎక్కడినుంచి? ఫోనులో తీసిన ఫొటోలు వాటంతటవే ఇంటర్నెట్‌లో ఉన్న అకౌంటుకి ఎక్కుతాయి. ఆ అకౌంటు తెరిచి ఉన్న ప్రతి యంత్రంలోనూ అవి కనిపిస్తాయి. ఏయే యంత్రాల్లో తెరిచి ఉందో ఫోను సెట్టింగుల్లో ఒక జాబితా ఉంటుందని చెప్పి, ఎక్కడ నొక్కాలో చూపించింది. ఫోను మౌనిక చేతిలోనే ఉంచింది.

జాబితాలో మూడున్నాయి. ఒకటి ఆ ఫోను. ఒకటి లాప్‌టాప్. మూడోది ఒక కంప్యూటరు, ఖరగ్‌పూర్‌లో. చివర వాడింది సోమవారం సాయంత్రం, ఫొటోలు బయటికొచ్చిన ముందురోజు.

తనకి ఖరగ్‌పూర్‌లో కంప్యూటరేదీ లేదంది మౌనిక. గుమ్మంలో నిలబడి వింటున్న గిరిబాబు గొంతు సవరించుకున్నాడు.

"నువ్వు పదకొండో క్లాసు సదివినప్పుడు కొన్నాం సూడు, అది."

"అదిప్పుడెక్కడుంది నాన్నా?"

ఆయన అరుగువైపు చూశాడు. అరుగు ఖాళీగా ఉంది. రాజ్ కిరణ్ ఎప్పుడు లేచి వెళ్లాడో ఎవరూ గమనించలేదు.

"పరీక్షలకి సదువుకుంటానని అడిగితే ఆడికిచ్చినాను. రెండేళ్లయింది."

మౌనిక వాళ్లమ్మ వంటింట్లోంచి వచ్చి, తన అన్న కొడుకు అలాంటి పని చెయ్యడని కోపంగా అంది. రెండోసారి అన్నప్పుడు కోపం తగ్గింది. మూడోసారి అనలేదు.

ఆ పాత కంప్యూటరులో మౌనిక అకౌంటు అయిదారేళ్ల కిందట తెరిచింది తెరిచినట్టే ఉంది. మూసి ఇవ్వాలని గిరిబాబుకి తెలియదు. అలా ఒకటి తెరిచి ఉందన్న సంగతే మౌనికకి గుర్తులేదు. రాజ్ కిరణ్ దానికి తాళం బద్దలుకొట్టలేదు. తలుపు తీసే ఉంది.

మౌనిక ఆ యంత్రాన్ని జాబితాలోంచి తీసెయ్యబోతుంటే తబిత ఆపింది. ముందు ఆ తెరని ఫొటో తీయించి పోలీసులకి చూపించింది. వాళ్లు సరేనన్నాకే తీయించింది. పాస్‌వర్డు మార్పించి, ఎవరు తెరవబోయినా ముందు ఫోనుకి అంకెలు వచ్చేలా పెట్టించింది. దాచుకోవలసినవి విడిగా తాళం వేసిన ఫోల్డరులో ఎలా ఉంచాలో నేర్పింది. కొత్త పాస్‌వర్డు కొట్టేటప్పుడు గోడ కేసి చూస్తూ నిలబడింది.

రాజ్ కిరణ్ మొదట తనకేమీ తెలియదన్నాడు. పోలీసులు కంప్యూటరు పట్టుకెళ్లాక, ఒక్క స్నేహితుడికే చూపించానన్నాడు. కేసు ఇంకా కోర్టులో ఉంది. ఆ రెండు కుటుంబాలకీ మాటల్లేవు. మౌనిక నెలన్నర తర్వాత మళ్లీ సీరియల్లో కనిపించింది. ఇప్పటికీ ఎవరో ఒకరు ఆ ఫొటోలు పంపించుకుంటూనే ఉన్నారు. వాటిని వెనక్కి తెచ్చే రిపేరు ఎవరి దగ్గరా లేదు.

జెఫ్రీ ఆ గురువారం సాయంత్రమే ఇంటికొచ్చాడు. తబిత అంతా చెప్పి, తప్పైందంది. అప్పుడు చెప్పాడు అతను. సోమవారం థీసిస్ ఇవ్వాల్సిన ఒక పిల్లకి, వారం ముందే ఈ దుకాణంలో మార్చిన డిస్కు శనివారం రాత్రి పోయింది. ఏడుస్తూ ఫోన్ చేస్తే, ఆదివారం దుకాణం తీసి సొరుగులోని నకలులోంచి ఇచ్చాడు. అక్కకి తెలిస్తే ఆదివారం తాళం తీసినందుకు గొడవ చేస్తుందని జ్వరమన్నాడు.

"అప్పుడే సెప్పొచ్చు కదరా" అంది తబిత.

"సంచీ తియ్యకముందు అడిగుంటే సెప్పేవాడినే."

అతనిప్పుడు గోల్ బజార్‌లో వేరే షాపులో పనిచేస్తున్నాడు. ఆదివారాలు అక్కతో చర్చికి వస్తాడు, కలిసి భోజనం చేస్తారు. దుకాణం ఊసు ఇద్దరూ ఎత్తరు.

వెళ్లిపోయిన పిల్లలు చాలామంది తిరిగొచ్చారు. కానీ తబితే మారింది. ఇప్పుడు నకలు తియ్యాలంటే, యజమాని ఎదురుగా కూర్చుని తన పాస్‌వర్డు తనే కొట్టాలి. పని అయ్యాక తుడిచెయ్యడం చూసి సంతకం పెట్టాలి. పోయిన నెల నా లాప్‌టాప్ పట్టుకెళ్లాను. ఒక బల్ల చూపించి కూర్చోమంది. రెండు గంటలు పడుతుందట. నీమీద నాకు నమ్మకమేనమ్మా, బజారుకెళ్లొస్తాను అన్నాను. అలా అంటే పాత తప్పు కొంత తీరుతుందేమోనని కూడా అనుకున్నాను.

స్క్రూడ్రైవరు కింద పెట్టి, నా మొహం కేసి కాసేపు చూసింది. నా మాటని నమ్మిందో లేదో తెలియలేదు.

"మీకు నమ్మకముంటే సాలదు టీచరుగారూ," అంది. "కూకోండి."